ఉప్పునీటి తొట్టికి ఇసుక

"మే రోజా, రెండో చేప కూడా పోయినట్టుండాది. తీసి అవతల పారెయ్," అన్నాడు హజరత్తయ్య చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

రోజా దోసెను పెనం మీదే వదిలేసి హాల్లోకి వచ్చింది. కావలిలో కొత్తగా కట్టుకున్న ఇంట్లో ఆ గాజుతొట్టి ఆమె మొగుడి ముచ్చట. రెండడుగుల పొడవు, ఉప్పునీళ్ళు. ఇల్లు కట్టగా మిగిలిన ఏటి ఇసుకను కడగకుండా అందులో కుమ్మరించి, అదే రోజు చేపల్ని వదిలాడు. వారం తిరక్కుండానే రెండూ తేలిపోయాయి.

"నీళ్ళు సరిగ్గా మార్చినావా అసలు?"

"ఆ ఇసుక పనికిరాదని మొదటిరోజే చెప్పినాను కదా బావా."

"ఇసుకలో ఏముంటాది? హేచరీలో బకెట్లు మోసినంత మాత్రాన సైంటిస్టువి అయిపోతావా?"

"దోసె మాడిపోతా ఉంటే ఆడేం చేస్తుండావే?" లోపల్నుంచి అత్త పేరమ్మ అరిచింది.

రోజా బకెట్లు మోయలేదు. జువ్వలదిన్నె దగ్గర రొయ్యపిల్లల హేచరీలో, ల్యాబులో మూడేళ్ళు పనిచేసింది. నీళ్ళలో ఉప్పు ఎంతుందో చూసి రిజిస్టరులో సంతకం పెట్టేది. ఆమె సరేనంటే తప్ప ట్యాంకులోకి నీళ్ళు వదిలేవాళ్ళు కాదు. పెళ్ళయ్యాక హజరత్తయ్య ఒకటే మాటన్నాడు: "ఐసు ఫ్యాక్టరీ పెట్టుకోనుండే వాడి పెళ్ళాం పనికి పోతాదంటే నా పరువేం గావాల?" ఆ ఐసు ఫ్యాక్టరీలో ఎనిమిది మంది పనివాళ్ళకు ఏడేళ్ళుగా రెండు పూటలా వండి పంపుతున్నది రోజానే. అది పని కాదు కాబోలు. ఉల్లిపాయలు తరుగుతున్నా, బట్టలు ఆరేస్తున్నా ఆమెకు ఆ రోజంతా ఇసుకే గుర్తొచ్చింది. ఒకచోట నిలబడలేకపోయింది. ఎవరో తనను ఒక ప్రశ్న అడిగినట్టు, ఏడేళ్ళ తర్వాత జవాబు తెలిసిన ప్రశ్న అడిగినట్టు, లోపల ఒకటే గిజగిజ.

పుట్టింటినుంచి సముద్రపు ఇసుక కాస్త తెప్పించింది. నెల్లూరు బస్సెక్కి ఒక్కతే పోయి, పెంపుడు చేపలమ్మే షాపులో పగడపు ఇసుక పిడికెడు అడిగి తెచ్చుకుంది. మూడు గిన్నెల్లో వేసి వెనిగర్ పోసింది. ఏటి ఇసుక ఉలకలేదు. సముద్రపు ఇసుకలో గుల్లముక్కలున్న చోట నాలుగు బుడగలు లేచాయి. కానీ హార్బరు పక్కది, డీజిలు వాసన కొట్టింది. పగడపు ఇసుక మాత్రం చుయ్యిమని పొంగింది. సున్నం ఉన్న ఇసుక అది, నీళ్ళు పులిసిపోకుండా కాస్తుంది. మళ్ళీ నెల్లూరు పోయి సంచులన్నీ విప్పించి, మణికట్టు మీద రుద్ది చూసి, బొంబాయి రవ్వ కంటే ముతక, ఆవాల కంటే సన్నం ఉన్నది ఏరుకుంది.

"సముద్రం ఒడ్డున పుట్టినదానివి ఇసుక కొనుక్కొస్తివా! పిచ్చిగాని పట్టిందా?" అంది పేరమ్మ.

రోజా తొట్టిలోని ఏటి ఇసుకను తోడి పారేసింది. కొత్తదాన్ని తేట నీళ్ళు వచ్చేదాకా పద్నాలుగు సార్లు కడిగింది. రెండువేళ్ళ మందాన పరిచింది. ఖాళీ తొట్టి చూసి జనం నవ్వుతున్నారని మొగుడు సణిగినా, నీళ్ళు కుదురుకునేదాకా నెల రోజులు చేపను వేయనివ్వలేదు. ఆ తర్వాత వేసిన వాటిలో ఏదీ చావలేదు. ఒక చిన్న చేప నోటినిండా ఇసుక తీసుకుని మేత ఏరుకుని, మిగతాది మొప్పల్లోంచి జల్లించేది. చేతిలో చీపురుతో రోజా దాన్నే చూస్తూ నిలబడిపోయేది.

ఆదివారం పళ్ళ డాక్టరు జ్ఞానప్రకాశం ఇంటికొచ్చాడు. తొట్టి ముందునుంచి కదల్లేదు.

"మరీ సన్నమైతే ఎగురుతాది సార్. మరీ ముతకైతే మేత సందుల్లో పడి కుళ్ళతాది," హజరత్తయ్య చెబుతున్నాడు. అన్నీ ఆమె మాటలే. టీ పళ్ళెంతో రోజా గడపలోనే ఆగిపోయింది.

"అన్నీ మీరే చూసుకున్నారా?"

"మరెవురు సార్? ఇంట్లోవాళ్ళకి ఏం తెలుస్తాది?"

"మా క్లినిక్కులో కూడా ఒకటి పెట్టించండి మరి."

"దానికేం సార్!" అని హజరత్తయ్య వంటింట్లోకి వచ్చాడు. గొంతు తగ్గించి, "ఏ ఇసుక, ఎంత మందం, ఎన్నిసార్లు కడగాల, అంతా వరసగా ఒక కాయితం మీద రాసియ్యి. చూసుకోని చెప్తా," అన్నాడు.

రోజా కాగితం తీసుకుంది. 'పగడపు ఇసుక' అని రాసింది. కలం ఆగింది. ఇది రాసిస్తే ఆ మాటలు కూడా అతనివే అయిపోతాయి, తన పేరు లేకుండా పనివాళ్ళ కడుపులోకి పోయిన అన్నంలాగా. ఆ కాగితం ఉండచుట్టి పారేసింది. ఇంకో కాగితం మీద తన పేరు, ఫోను నంబరు రాసి, చేతులు తుడుచుకుని హాల్లోకి వెళ్ళింది.

"ఈ ఇసుక ఏరింది నేను సార్. మీ తొట్టికీ నేనే వస్తాను. ఊరికే కాదు, నా పనికి కూలి తీసుకుంటాను."

హజరత్తయ్య నవ్వబోయి, డాక్టరు నవ్వకపోయేసరికి ఆగిపోయాడు. జ్ఞానప్రకాశం కాగితం చదివి జేబులో పెట్టుకున్నాడు.

"ఎప్పుడొస్తారమ్మా?"

"గురువారం పొద్దున," అంది రోజా, ఎవర్నీ అడక్కుండా.