తగ్గిన ఎలుకలు

ఎలుకలకు మేత వేసి బోనులు కడగడం సింహాద్రి ఉద్యోగం, ఓ పరిశోధనశాలలో. ఆ ఎలుకలకు క్యాన్సర్ తగ్గిపోతోంది. దువ్వాడలో ఇంట్లో ఉన్న పెళ్లాం సన్యాసమ్మకి మాత్రం తగ్గడం లేదు. దేవుడి న్యాయం ఎవడికి అంతుపట్టింది గనక!

ఎలుకలకు వేసే ఆ కొత్త మందు సంగతి అక్కడ పరిశోధన చేసే సత్యశ్రీ మేడమ్ ఓసారి విడమరిచి చెప్పింది. మూలకణాలకీ క్యాన్సర్ కణాలకీ పోలికలుంటాయట. మూలకణాలను ఇక పెరగకుండా చేసి టీకాగా వేస్తే, ఒంట్లోని రక్షణ బలగం ఆ పోలిక గుర్తుపెట్టుకుని గడ్డ మీద పడుతుందట. తమ్ముడి మొహం చూపించి దొంగ అన్నను పట్టించడమన్నమాట.

కీమో పనిచేయడం మానేశాక సన్యాసమ్మకి ఇదొక్కటే ఊసు.

"ఎలాగున్నాయి మావా నీ ఎలకలు?"

"గడ్డలు సగమైపోనాయే."

ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తినేది. ఆశ పెట్టింది సింహాద్రే. దాన్ని ఎలా దించాలో పాపం అతనికి తెలియలేదు.

ఇవాళ తెగించి మేడమ్‌ని అడిగేశాడు. "ఒక్క సూది ఇప్పించమ్మా, మా దానికి."

ఆవిడ మొహం పాలిపోయింది. "అది ఎలుక కణాలతో చేసింది సింహాద్రీ, ఆమెకు పనిచేయదు. ఆమె కణాలతో చేయాలి. మనుషులకివ్వడానికి మాకింకా అనుమతి లేదు. ఏళ్లు పడుతుంది."

"ఏళ్లా? మా దానికి నెల్లే అన్నారమ్మా డాక్టర్లు!"

ఆవిడ కళ్లు తుడుచుకుంది. ఆవిడ చేతిలో మాత్రం ఏముంది? తగ్గిన ఎలుకల బోను తెమ్మంది. లోపల జబ్బు మిగిలిందో లేదో చూడాలంటే వాటిని చంపి కోయాల్సిందేనట. సింహాద్రి తన చేతులతోనే తెచ్చిచ్చాడు. ఉద్యోగం కదా మరి!

ఇంటికి రాగానే సన్యాసమ్మ మళ్లీ అదే ప్రశ్న వేసింది. ఈసారి దాచడం అతని వల్ల కాలేదు.

"కోసేసినారే."

"తగ్గినవాటినా?"

"ఆఁ. లోపలేటైనా మిగిలిందేటోనని."

"మిగిలిందేటి?"

"నేదు. ఒక్కదానికీ నేదు."

ఆమె మొహం వెలిగిపోయింది. అది చూడలేక సింహాద్రి మిగతాదీ కక్కేశాడు. "నీకియ్యరంట. మనుసులకియ్యాలంటే ఇంకా ఏళ్లు పడతాదంట."

సన్యాసమ్మ జాకెట్టు చేయి పైకి లాక్కుని, ఎముకలు తేలిన చేతిని చాపింది.

"మేడమ్‌తో సెప్పు మావా. నన్నూ ఆ బోనులో ఎట్టేసుకోమను. ముందు తగ్గించమను. తగ్గినాక కోసుకోమను."

సింహాద్రి ఆ చేతిని పట్టుకుని భోరుమన్నాడు.