నార్బొన్ ఇంటి పైకప్పు

నార్బొన్ పట్టణంలో అమ్మకానికున్న ఆ శిథిల భవనంలోకి రాగానే సొలేన్ చూపు పైకప్పు పగులు మీద పడింది. చంకలో పసిపాప ఉంది.

"నువ్వొక్కడివే ఉండు ఇక్కడ. ఇది పిల్ల మీద పడుతుంది," అంది భర్తతో.

"నీకు నిన్న చర్చి గోపురం కూడా ఒరిగినట్టే కనిపించింది," అన్నాడు గయతాన్.

పాపను అతని చేతికిచ్చి, గుమ్మం బయటికి పంపి, ఆమె చీపురుకర్రతో పగులును పొడిచింది. సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడిపడింది.

"చలికి తట్టుకోలేక మా తాత అసలు కప్పు కింద ఇంకో కప్పు వేయించాడమ్మాయీ. పైన ఏముందో మేమెవరమూ చూడలేదు," అంది ఇల్లు అమ్ముతున్న ముసలామె.

దుమ్ము అణిగాక నల్లటి దూలాలు కనిపించాయి. వాటి నిండా ఎన్ని వందల ఏళ్ల నాటివో రంగుల బొమ్మలు: వేటకుక్కలు, చేపలు, బిడ్డకు పాలిస్తున్న ఒక తల్లి. సొలేన్ నిచ్చెనెక్కి దూలాన్ని వేలి కణుపుతో కొట్టింది. రాయిలా మోగింది.

"పాపను తీసుకురా," అంది మెల్లగా. "ఇది పడదు."