వీడియోలో బాగున్న నడుం

చెక్క సామానుకు పేరున్న దమియెట్టా ఊళ్లో సోఫాలకు స్ప్రింగులు బిగించి గుడ్డ తొడిగేవాళ్లకు కొదవ లేదు. వాళ్లలో నడుం నొప్పి లేనివాడంటూ లేడు. అయినా ఊరంతా చెప్పుకునే నడుం మాత్రం మేస్త్రీ, వాళ్ల మాటలో ఉస్తా, రాగిబ్‌దే. డాక్టర్ హాతిమ్ క్లినిక్‌వాళ్లు తీసిన వీడియో పుణ్యమా అని ఆ నడుం ఇంటింటికీ వెళ్లింది.

వెన్నులోకి సూది వేసిన కాసేపటికే రాగిబ్‌ని మంచం మీంచి దింపి నడిపించారు. నర్సు ఫోన్ ఎత్తి పట్టుకుని అతని ముందు వెనక్కి వెనక్కి నడిచింది. సూదిలో కలిపిన మత్తుమందు అప్పుడు మంచి జోరు మీదుంది. నడుం ఉందో లేదో కూడా తెలియని మనిషికి నొప్పి ఎక్కణ్ణుంచి తెలుస్తుంది?

"ఎలా ఉంది ఉస్తా?" అన్నాడు డాక్టరు, తలుపు దగ్గర చేతులు కట్టుకుని.

"అల్‌హమ్దులిల్లా, అంతా దేవుడి దయ. పెళ్లికొడుకులా ఉన్నాను."

అంతటితో ఆగాడా? ఎవరూ అడక్కుండానే గొంతుక్కూర్చుని లేచాడు. లేచినవాడు చేతులు రెండూ పైకెత్తి నడుం గిరగిరా తిప్పాడు. ఊరు పడిపోయింది ఆ తిప్పడానికే.

ఆ సాయంత్రమే మత్తు దిగిపోయింది. పాత నొప్పి తిరిగొచ్చింది, వస్తూ వస్తూ బలగాన్ని కూడా వెంటబెట్టుకొచ్చింది. ఇదివరకు నడుం దగ్గర ఆగేది కాస్తా ఇప్పుడు పిర్రలోంచి మడమ దాకా మంటలా పాకుతోంది. కొద్ది రోజులకే అతనికి బూట్లు తొడగడానికి కూడా భార్య సనియ్యా వంగాల్సి వచ్చింది. క్లినిక్‌కి ఫోన్ చేస్తే నర్సే ఎత్తింది.

"మొదట్లో అలాగే ఉంటుంది ఉస్తా, కాస్త ఓపిక పట్టాలి. అన్నట్టు మీ వీడియో చూశారా? ఎంతమంది చూస్తున్నారనుకున్నారు" అంది సంబరంగా.

చూశాడు. ఒకసారి కాదు, చాలాసార్లు చూశాడు. అసలు చిక్కు అక్కడే వచ్చింది. ఇన్నేళ్లుగా ఎవరెవరి చుట్టాలో కూర్చునే కుర్చీలకు మేకులు కొట్టాడు గానీ, ఇవి చేసిందెవరని అడిగిన నాథుడు లేడు. ఇప్పుడు చేపల బజారులో ముక్కూమొహం తెలియని ఆడవాళ్లు ఆపి పలకరిస్తున్నారు. కాఫీ కొట్టులో తన టీ ఇంకెవరో ఇప్పిస్తున్నారు. ఒంటి పిర్ర మీద నిటారుగా కూర్చుని, చెవుల వెనక చెమట కారుతుంటే, మహాశయుడు చిరునవ్వులు చిందిస్తూ ఆ టీ తాగాడు. తప్పు అని తెలుసు. రుచిగానే ఉంది.

చివరికి ఓ రోజు తట్టుకోలేక కొట్టు మధ్యలో బయటపడ్డాడు.

"నాకేం తగ్గలేదు. ముందుకన్నా ఎక్కువైంది. రాత్రిళ్లు పక్క మీద అటు తిరగలేను, ఇటు తిరగలేను."

 కుర్చీలకు పాలిష్ పట్టే అబూ సమ్రా కన్ను గీటాడు.

"మంచి పని చేస్తున్నావు ఉస్తా. అంతమంది కళ్లు పడ్డాక అలాగే చెప్పుకోవాలి. కానీ మా దగ్గర కూడానా?"

కొట్టంతా ఘొల్లుమంది. సరుకంతా అమ్ముడైనవాడు బేరాల్లేవంటూ తిరిగే ఊరది. కొడుక్కి మంచి మార్కులొస్తే ఏదో గట్టెక్కాడంటారు. దిష్టి అంటే అంత భయం. రాగిబ్ ఎంత మూలిగితే అంత ఆరోగ్యంగా ఉన్నట్టు లెక్క. కుంటుతూ ఇంటికి వెళ్తుంటే వెనకనుంచి, "భలే కుంటుతున్నాడురా" అని మెచ్చుకున్నారు కూడా.

ఇంతలో అక్క ఇన్సాఫ్ ఫోన్ చేసింది. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. బడిపిల్లల యూనిఫాంలు కుట్టీ కుట్టీ ఆవిడ నడుం కూడా అరిగిపోయింది.

"ఒరేయ్, శనివారం నాకూ ఆ సూదేనట. నీ వీడియో చూశాకే ధైర్యం వచ్చింది. నువ్వు తోడు రా."

రాగిబ్ మధ్యలోనే అడ్డుకున్నాడు. "వద్దక్కా. నా మాట విను. నాకు ఇంకా ముదిరింది."

అటుపక్క మొదట నవ్వు వినిపించింది. ఆ తర్వాత అదీ ఆగిపోయింది.

"నా దగ్గర కూడా దాస్తావురా? నా దిష్టి తగులుతుందనా? ఎత్తుకు పెంచినదాన్ని."

ఆ గొంతులో జీర విని రాగిబ్ చచ్చిపోయాడు. అక్క కన్ను చెడ్డదని అంటాడా? మింగలేక కక్కలేక, "అదేం లేదక్కా, అల్‌హమ్దులిల్లా, బాగానే ఉన్నాను" అనేశాడు. ఫోన్ పెట్టేశాక సనియ్యా అతన్ని చూసిన చూపుకు గోడ సున్నం రాలాలి.

శనివారం క్లినిక్‌లో గోడ మీది టీవీలో రాగిబ్ నడుం తిరుగుతూనే ఉంది. జనం లేచి అతనికి కుర్చీ ఇచ్చారు. "మా తమ్ముడే" అని ఇన్సాఫ్ పక్కావిడకి చెప్పుకుని పొంగిపోయింది. లోపలి నుంచి నర్సు ఆవిడ పేరు పిలిచింది.

రాగిబ్ ఆవిడ సంచి పట్టుకున్నాడు. "వెళ్లకక్కా."

"వదలరా. అందరూ చూస్తున్నారు, పరువు తీయకు."

ఆవిడ సంచి లాక్కుంది. అతను అడ్డం నిలబడదామని లేచాడు. నడుంలోంచి కాల్లోకి ఏదో చీల్చుకుపోయింది. టీవీ కింద, అంతమంది ముందు, మోకాళ్ల మీద కూలబడి "అమ్మా" అని అరిచాడు.

నటించే మనిషి నోట్లోంచి రాని అరుపది. చిన్నప్పుడు జ్వరంతో పడుకుని తననే అమ్మా అని పిలిచిన గొంతు ఇన్సాఫ్‌కి తెలుసు. సంచి పడేసి నేల మీద అతని పక్కనే కూర్చుంది.

"ఎప్పట్నుంచిరా?"

"ఆ సాయంత్రం నుంచే."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్పానక్కా."

ఆవిడ మొహం తిప్పుకుంది. "మళ్లీ బాగున్నానని ఎందుకన్నావు?" అంది.

"నీకు కోపమొచ్చిందని." ఏడుస్తూనే, "అందరూ పలకరిస్తుంటే బాగుందక్కా" అన్నాడు.

"గాడిదా" అని ఇన్సాఫ్ అతని తల తన భుజానికి ఆనించుకుంది. డాక్టరు బయటికొచ్చి టీవీ కట్టెయ్యమని నర్సుకు సైగ చేశాడు. "ఏం లేదు, ఏం లేదు, కండరం పట్టేసి ఉంటుంది" అన్నాడు జనంతో. వంగి రాగిబ్ చెయ్యి పట్టుకోబోయాడు.

"మీరు ముట్టుకోకండి డాక్టరుగారూ. పెద్దాసుపత్రికి తీసుకెళ్తాను" అంది ఇన్సాఫ్.

ఎదుటి కుర్చీలో నల్ల ముసుగు ముసలావిడ నాలుక చప్పరించింది. "చూశారా దిష్టి ఎంత పని చేసిందో. అంతమంది చూస్తే తగలదూ?" చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. ఒక్కరూ సూది వద్దని కుర్చీ వదిలి వెళ్లలేదు.

ముసలావిడ కర్ర ఆనించుకుని మెల్లగా లేచింది. "అమ్మాయీ, నువ్వెటూ వెళ్లవుగా. నీ వంతులో నేను వెళ్లనా?"

"వద్దమ్మా" అన్నాడు రాగిబ్ నేల మీంచే. "సూది వల్లేనమ్మా ఇదంతా. నా మాట నమ్ము."

ఆవిడ వంగలేక వంగి అతని తల నిమిరింది. "నా దగ్గరెందుకు నాయనా దాపరికం? నీ వీడియో చూసేగా ఊరి నుంచి వచ్చాను" అని, అతని కాళ్లు తొక్కకుండా జాగ్రత్తగా దాటుకుని లోపలికి వెళ్లింది.