తూర్పు వాకిలి

నేను ఒక వ్యాన్ని. చెప్పుకోవడానికి బోలెడంత చిరాకు ఉంది కనుక పుట్టుక సంగతి తొందరగా తేల్చేస్తాను. ఎక్కడో ఉత్తరాదిన ఒక పెద్ద షెడ్డులో నన్ను బిగించారు. బోల్టులు తిప్పినవాళ్ళందరూ ఇది రోడ్డెక్కాలి, పరుగెత్తాలి అనే అనుకున్నారు. కాకినాడలో ఒక కాన్వెంటువాళ్ళు నన్ను కొన్నారు. పిల్లలు సీట్లకు బబుల్‌గమ్ అంటించారు, కిటికీలోంచి ఉప్మా పారబోశారు. అయినా వాళ్ళ మీద నాకు కోపం లేదు. ఎక్కడ దిగాలో వాళ్ళకు తెలుసు. తర్వాత వంటలవాళ్ళు కొని, సీట్లు పీకేసి గుండిగలు ఎక్కించారు. ఆ సాంబారు వాసన ఇప్పటికీ వదల్లేదు. అదీ భరించాను. అప్పుడు తాతారావు వచ్చాడు.

తాతారావు స్థలాలూ ఇళ్ళూ కుదిర్చిపెట్టే బ్రోకరు. ఊరందరికీ ఇళ్ళు చూపించే ఈ మనిషికి మాత్రం ఏ ఇల్లూ నప్పలేదు. బేరం తప్పిపోయినప్పుడల్లా తప్పు తనది కాదు, తను అద్దెకున్న ఇంటిది. ఒక ఇంట్లో వంటగది ఈశాన్యంలో ఉంది. ఇంకో ఇంటికి వీధిపోటు, అంటే ఎదురుగా వచ్చే వీధి సరిగ్గా గుమ్మంలోకే చూస్తోంది. ఆఖరి ఇంట్లో మరుగుదొడ్డి గోడ వాస్తుకు అడ్డమని, ఓనరు తిరుపతి వెళ్ళినప్పుడు దాన్ని పగలగొట్టించేశాడు. ఓనరు గుండుతో తిరిగొచ్చి, ఇరుగుపొరుగుకు ప్రసాదం కూడా పంచకుండా వీళ్ళ సామాను వీధిలో పెట్టించాడు.

అప్పుడు తట్టింది ఆయనకు గొప్ప ఆలోచన. "వేణీ, ఇంటి ముఖం మార్చలేం గానీ వ్యాను ముఖం మార్చొచ్చు కదే! ఎటు కావాలంటే అటు తిప్పేసుకుందాం. ఓనరూ ఉండడు, అద్దే ఉండదు" అన్నాడు భార్యతో.

ఆవిడ పేరు వీరవేణి. జాకెట్లు కుడుతుంది, చీరలకు ఫాల్ వేస్తుంది. ఆ సంసారం నడిచేది ఆమె కుట్టుమిషను మీదే. నా చుట్టూ తిరిగి చూసి ఒకే ఒక్క మాట అడిగింది.

"మరి గుడ్డలిచ్చినోళ్ళు నన్నెక్కడని ఎతుక్కుంటారండి?"

"పనితనం ఉంటే ఎక్కడున్నా వస్తారే" అన్నాడాయన. పనితనం గురించి మాట్లాడాడు, ఆ మనిషి!

డ్రైవరు సీటు వెనక గ్యాసు పొయ్యి, చివర చెక్క మంచం, కిటికీ కింద మిషను పెట్టారు. పాలు పొంగించారు. నా కష్టాలు ఆ పూటే మొదలయ్యాయి. నా తలుపు ఎడమ పక్కన ఉంటుంది. అది తూర్పుకు చూడాలంటే నా మూతి దక్షిణానికి తిరగాలి. దక్షిణం యముడి దిక్కని తాతారావుకు బెంగ. పోనీ మూతి ఉత్తరానికి తిప్పితే తలుపు పడమరకు పోతుంది. అసలు వ్యానుకు ముఖమంటే తలుపా, ముందద్దమా? దీని మీద ఆయన ఒక సిద్ధాంతిగారితో ఫోనులో గంటలకొద్దీ మాట్లాడాడు. సిద్ధాంతిగారు ఒక రోజు తలుపన్నారు, ఇంకో రోజు అద్దమన్నారు. ఆయన మాట మారినప్పుడల్లా ముందుకీ వెనక్కీ తిరిగి నా క్లచ్చు అరిగిపోయింది. ఒకసారి దిక్కు కచ్చితంగా కుదిరింది గానీ తలుపు ఒక ప్రహరీగోడను ఆనుకుని తెరుచుకోలేదు. వారం పాటు మొగుడూ పెళ్ళాం స్టీరింగు పక్కనుంచి దూరి రాకపోకలు సాగించారు. నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు.

బేరం పోయిందంటే చోటు మారాల్సిందే. భానుగుడి దగ్గర నలుగురు ఆడవాళ్ళు వీరవేణికి అలవాటు పడేసరికి జగన్నాథపురం. అక్కడ ఆమె పేరు కాస్త తెలిసేసరికి ఇంకో వీధి. ఇచ్చిన గుడ్డతో సహా మాయమయ్యే దర్జీని ఎవరు నమ్ముతారు? ఆమె చేతిలో పని తగ్గిపోయింది. ఎవరైనా రాకపోతారా అని కిటికీలోంచి వీధి చివరికి చూస్తూ కూర్చునేది. నాకు ఒళ్ళు మండిపోయేది. పరుగెత్తడానికి పుట్టిన నేను అటు పరుగూ లేక, ఇటు నిలకడా లేక, ఉన్నచోటే గిరగిరా తిరుగుతూ ఆవిడ కడుపు కొడుతున్నాను.

చివరికి పాపాయమ్మగారు వచ్చింది. కలప అడితి యజమానురాలు. కూతురి పెళ్ళి జాకెట్లన్నీ వీరవేణికే ఇచ్చింది. ఇవి బాగుంటే ఆ చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నీ ఇక ఈమెవే. వీరవేణి కళ్ళు వాచేలా కుట్టింది. పెళ్ళిరోజు పొద్దున్నే, సెల్లు నా దగ్గర ఛార్జింగులో పెట్టి, హుక్కులు తక్కువైతే బజారుకు వెళ్ళింది. ఆమె అటు వెళ్ళగానే తాతారావుకు ఫోనొచ్చింది. సామర్లకోట స్థలం బేరం పోయింది. ఇక ఆ చోట ఒక్క క్షణం ఉండనన్నాడు. తాళం తిప్పాడు, జాకెట్లతో సహా నన్ను సముద్రం వైపు తోలేశాడు. అక్కడ చేతిలో దిక్సూచి పట్టుకుని, సిద్ధాంతిగారిని అడుగుతూ నన్ను అంగుళం అంగుళం జరపసాగాడు.

బజారు నుంచి వచ్చిన వీరవేణికి నేను నిలబడిన చోట నూనె మరకలు మాత్రం కనిపించాయట. జాకెట్ల కోసం వచ్చిన పాపాయమ్మగారు కూడా ఆ మరకల పక్కనే నిలబడి ఉందట. "ఇల్లేదమ్మా?" అని అడిగిందట ఆవిడ. ఆటోవాళ్ళను అడుగుతూ అడుగుతూ నన్ను చేరుకునేసరికి ఎండెక్కింది. లోపలికెక్కి జాకెట్లు ఒళ్ళో పెట్టుకుంది. "పెళ్ళింటికి పోనియ్యండి" అంది, అంతే. దారి పొడుగునా కుదుపుల్లోనే హుక్కులు కుట్టింది. పుట్టి బుద్ధెరిగాక నేనంత వేగంగా పరుగెత్తలేదు. ఆ పరుగు ఎంత బాగుందో చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది, వెనక ఆమె ఏడుస్తోంది కనుక.

మేం చేరేసరికి తలంబ్రాలు అయిపోతున్నాయి. పెళ్ళికూతురు వాళ్ళ పిన్ని జాకెట్టు తొడుక్కుని, వదులైన చోట పిన్నీసులు పెట్టుకుని పీటల మీద కూర్చుంది. పాపాయమ్మగారు నా దగ్గరికే వచ్చింది.

"కుట్టు బంగారంలా ఉందమ్మా. ఏం లాభం? ఒక చోటుండవేంటి నువ్వు? మా అడితి పక్కన జాగా ఖాళీగా ఉంది. ఉంటే ఉండిపో. మళ్ళీ తిరుగుతానంటే మాత్రం నా గుమ్మం తొక్కకు."

నన్ను అడితి పక్కన ఆపారు. రెండోరోజు తాతారావు పార్టీకి స్థలం చూపించడానికి వెళ్ళాడు. వీరవేణి టైర్ల షాపువాణ్ణి పిలిపించింది. జాకీ పెట్టి నన్నెత్తారు. కడిగించడానికేమో అనుకున్నాను. నాలుగు చక్రాలూ విప్పి, కింద సిమెంటు దిమ్మలు పేర్చి దించేశారు. చక్రాలను ఆటోలో వేసుకుపోయారు. నేను అరవగలిగితే కాకినాడంతా వినపడేది. తిప్పినవాణ్ణి వదిలేసి నా కాళ్ళు విరిచిందీవిడ!

తాతారావు వచ్చి లబలబలాడాడు. "తలుపు దక్షిణానికుందే! కొంప మునిగింది!" సిద్ధాంతిగారికి ఫోను చేశాడు. చక్రాలు లేకపోతే అది వాహనం కాదు, గృహం కిందే లెక్క, తూర్పున రేకు కోయించి వాకిలి పెట్టమన్నారట ఆయన. తాతారావు గ్యాసు కట్టరువాడి కోసం బయల్దేరబోయాడు.

"కోయించండి సూత్తాను" అంది వీరవేణి. చేతిలో కత్తెర ఉంది, కింద పెట్టలేదు. "మీరు తిరగండి, ఎవరొద్దన్నారు. ఇది మాత్రం కదలదు."

ఆయన నా మెట్టు మీద కూలబడ్డాడు.

ఆమె లోపలికి వచ్చి సుత్తి తీసింది. మిషను పైన, కిటికీ పక్కన చోటు చూసుకుని, నా రేకులోకి ఇంత మేకు దిగగొట్టింది. ప్రాణం విలవిల్లాడింది. దానికి కొలతల టేపు తగిలించి, వెనక్కి జరిగి చూసుకుంది. కళ్ళనిండా నీళ్ళు.

"పెళ్ళైన కాడి నుంచీ ఓనర్లు ఏవంటారోనని గోడకో మేకు కొట్టుకోలేదండి" అంది మొగుడితో. "ఇయ్యాల ఎవర్నీ అడగలేదు."

నిజమే, నన్ను కూడా అడగలేదు.