కవర్ మీద తప్పు

"ప్రెస్సు నుంచి అమ్మాయి ప్రూఫులు తెస్తుంది. తప్పులుంటే దిద్ది పంపించు. కవర్ చూడక్కర్లేదు, అది నేను చూశాను" అని, నేను మడతపెడుతున్న బట్టల్లోంచి జేబురుమాలు లాక్కుని మా ఆయన బడికి వెళ్ళారు. ఆయన ఇంగ్లీషు మాస్టారు. ఆయన పేరుతో వచ్చే గ్రామరు పుస్తకానికి ఇది ఆరో ముద్రణ. అందులో మొదటి అక్షరం నుంచి చివరి జవాబు దాకా రాసింది నేను.

పెళ్ళికి ముందు నేనూ రెండేళ్ళు ఇంగ్లీషు చెప్పాను. తర్వాత "ఇంట్లో ఊరికే కూర్చోవడమెందుకు, నాలుగు ఎక్సర్‌సైజులు రాసిపెట్టు" అన్నారు. ఆ ఊరికే కూర్చోవడం ఎప్పుడో నాకిప్పటికీ తెలీదు. పొయ్యి మీద పాలు పెట్టి, ఒక కన్ను గిన్నె మీదా ఒక కన్ను కాగితం మీదా వేసి రాసేదాన్ని. క్రియల నుంచి నామవాచకాలు తయారుచేసే పాఠమంటే నాకు ప్రాణం. అరైవ్ నుంచి అరైవల్, రిఫ్యూజ్ నుంచి రిఫ్యూజల్ అనుకుంటూ గిన్నెలు తోముతుంటే చేతులు నొప్పి మర్చిపోయేవి. పేరు సంగతి ఒకసారి కదిపితే "మనలో మనకి నీదీ నాదీ ఏంటే" అన్నారు. పుస్తకం విడుదలైన రోజున మైకు ముందు మాత్రం "ఇది నా పదేళ్ళ కష్టం" అన్నారు. నేను వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టాను.

ప్రూఫులు తెచ్చిన అమ్మాయికి ఇరవై రెండేళ్ళుంటాయి. ప్రెస్సులో టైపు చేసేది తనే. మంచినీళ్ళు తాగి గ్లాసు పెడుతూ, "మేడమ్, ఒకటడగనా? ఎనిమిదో తరగతిలో నేనూ ఈ పుస్తకమే చదివాను. ఇది సార్ రాసింది కాదు కదా?" అంది.

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఈ ఎక్సర్‌సైజులో వాక్యాలు చూడండి. చుట్టాల అరైవల్‌తో ఆమె మధ్యాహ్నం నిద్ర పాడైంది. కూరలో ఉప్పు గురించి అరగంట డిస్కషన్ జరిగింది, వంట గురించి ఒక్క అప్రీషియేషన్ లేదు. సార్‌కి ఇవన్నీ ఎలా తెలుస్తాయి?"

నాకు నవ్వాగలేదు. ఇన్నేళ్ళూ ఎవరికీ తెలీదనుకున్నాను. పేరు లేకపోయినా పేజీపేజీకీ నేనే కూర్చుని ఉన్నాను, ఈ పిల్ల నన్ను ఎనిమిదో తరగతిలోనే చూసేసింది. ఒళ్ళంతా తేలికైపోయింది.

వరండాలోంచి మా అత్తగారు అడిగారు. "ఆ చుట్టాలు మా చెల్లెళ్ళేనా?"

గతుక్కుమన్నాను. "అవునత్తయ్యా."

"వారం రోజులు కదల్లేదు మహాతల్లులు. బాగానే రాశావు. వంట నేను చూస్తాలే, నువ్వు ఆ కాగితాల పని కానివ్వు."

సాయంత్రం దాకా కుర్చీలోంచి లేవలేదు. కామాలు పెట్టాను, జారిపోయిన అక్షరాలు సరిచేశాను. చివరికి చూడక్కర్లేదన్న కవర్ తీశాను. ఎర్ర పెన్నుతో ఆయన పేరు కొట్టేసి, పక్కన నా పేరు ఇంటిపేరుతో సహా రాశాను. అక్షరాలు కాస్త పెద్దవే పడ్డాయి. మళ్ళీ వచ్చిన అమ్మాయి కట్ట తీసుకుని మెట్లు రెండేసి చొప్పున దిగి వెళ్ళిపోయింది.

ఆయన చెప్పులు విడుస్తూ అడిగారు. "ప్రూఫులు పంపించావా? తప్పులేమైనా ఉన్నాయా?"

"లోపల చిన్నచిన్నవే" అన్నాను కాఫీ అందిస్తూ. "పెద్దది కవర్ మీదుంది. దిద్దేశాను."