సగం ఆపరేషన్

గాజు మగ్గులో బ్రష్షు గిరగిరా తిరుగుతోంది. నురగ అంచుదాకా పొంగి పిడి పట్టుకున్న వేళ్ళ మీదికి జారింది. కుర్చీలో కూర్చున్న మనిషి అద్దంలో ఆ మగ్గును చూసి ముసిముసిగా నవ్వాడు. అది బీరు మగ్గు మరి. పక్క బీరు దుకాణం యజమాని, అందరూ గడ్డం ఓనరు అనే ఆసామి, తన గడ్డం మొదటిసారి తీర్పించుకున్న రోజున దాన్ని కానుకగా ఇచ్చి, "మా దగ్గర కాచిన బీరు ఇందులో పోసుకుని తాగండి పెద్దాయనా" అన్నాడు. తాగే అలవాటు లేని ఆ మంగలి పెద్దాయన అందులో సబ్బు కలుపుకున్నాడు. పిడి ఉంది, బరువుంది, బల్ల మీద పెడితే ఒరగదు. మగ్గన్నాక అంతకన్నా ఏం కావాలి?

ఆయన్ని ఆ వీధిలో సగం డాక్టరు అంటారు. వేళాకోళంగా పుట్టిన పేరే. పాత ఆసుపత్రిలో ఆపరేషనుకు ముందు రోగుల తలలూ పొట్టలూ గొరిగే పని ఆయనదే. గొరిగేటప్పుడు ప్రతివాడికీ ఒకటే మాట చెప్పేవాడు: "ఇది అయిపోయిందంటే సగం ఆపరేషన్ అయిపోయినట్టే." ఆ మాటకు వైద్యశాస్త్రంలో ఆధారం ఏమీ లేదు. కానీ కత్తి చల్లదనానికి బిగుసుకుపోయిన పొట్ట ఆ మాట వినగానే వదులయ్యేది. వదులైన చర్మం తెగదు. గాటు పడకూడదని మొదలుపెట్టిన మాటను పోనుపోను ఆయనే నమ్మేశాడు.

ఇప్పుడు పాత ఆసుపత్రి లేదు. దాని వెనక ఖాళీ స్థలంలో కొత్త ఆసుపత్రి అద్దాల మేడగా లేచింది. దాని ముఖం అవతలి రోడ్డుకి ఉంది, ఈ వీధికి వీపు మాత్రమే మిగిలింది. మందుల షాపులన్నీ ముఖం ఉన్న వైపుకి తరలిపోయాయి. వాటి చోట్లలోకి బీరు దుకాణాలు వచ్చాయి. మందు పోయి మందు వచ్చిందని గడ్డం ఓనరు జోకు వేస్తుంటాడు. గాజు గోడల వెనక నిలువెత్తు స్టీలు పీపాలు, నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసిన నోరు తిరగని పేర్లు. నగరం బాగుపడుతోందని అందరూ అంటున్నారు. అందరూ అంటున్నప్పుడు నిజమే అయి ఉంటుంది.

సగం డాక్టరుకి మాత్రం ఒక చిక్కు వచ్చిపడింది. ఇదివరకు వీధిలో నడిచొచ్చే మనిషి నడకను బట్టి ఏ వార్డువాడో చెప్పేసేవాడు. ఇప్పుడు తూలుతూ వచ్చేవాడు రోగో తాగుబోతో అంతుపట్టడం లేదు. ఆ మధ్యాహ్నం కూడా ఒకాయన పొట్ట పట్టుకుని తూలుతూ లోపలికి వచ్చాడు. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, "ఏ వార్డు బాబూ?" అని అడిగాడు. ఆయన చాలాసేపు ఆలోచించి, "మూడో గ్లాసు" అన్నాడు.

మామూలు రోజైతే సాయంత్రందాకా తలుచుకుని నవ్వుకునేవాడు. ఆ రోజు నవ్వు రాలేదు. తన కుడి గజ్జల్లోనే కోడిగుడ్డంత వాపు. కొత్త ఆసుపత్రిలో చూసి హెర్నియా అన్నారు, సాయంత్రం వచ్చి చేరితే పొద్దున్నే ఆపరేషన్ అన్నారు. ఆయనకు భయం వేసింది. లెక్కలేనన్ని పొట్టలు గొరిగాడు, ఆ తర్వాత ఆ పొట్టలకు ఏమైందని ఒక్కనాడూ అడగలేదు. కొందరు మళ్ళీ క్షవరానికి వచ్చారు. మిగతావాళ్ళు ఊళ్ళకు వెళ్ళిపోయారో, మరెక్కడికైనా వెళ్ళారో. ఆయన పని ఆపరేషన్ గది తలుపు దాకానే.

భార్య సంచి పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఇంకా ఎవరి గడ్డం మిగిలింది?"

"నాదే. కాస్త ఆగు."

"గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నారు. ఇప్పుడూ ఆగమనే అంటున్నారు."

ఆయన తెర వెనక్కి వెళ్ళి పంచె వదులు చేసుకున్నాడు. తన పొట్ట మీద ఇంకొకరి కత్తి ఆడటం ఆయనకు ఇష్టం లేదు. మగ్గులో కొత్తగా నురగ కలిపాడు. గాటు పడకుండా శ్రద్ధగా గొరుక్కున్నాడు. బయటికొచ్చి మగ్గు కడగబోతుంటే భార్య చెయ్యి పట్టుకుంది.

"వచ్చాక కడుక్కుందురుగాని, పదండి."

బ్రష్షును మగ్గులోనే ఉంచి షట్టరు దించాడు.

కాళ్ళు అలవాటుగా పాత గేటు వైపు నడిచాయి. అక్కడ రేకులు అడ్డం కట్టి ఉన్నాయి. రేకుల వెంట తిరిగి, కంకర కుప్పలు దాటి, బారులు తీరిన మొక్కల కుండీల మధ్య నుంచి వెళ్తే కొత్త గేటు వచ్చింది. కాపలా మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు.

"పేషెంటా, స్టాఫా?"

ఆయన తనవంక చూసుకున్నాడు. చంకలో కత్తి, దువ్వెనల పెట్టె ఉంది. ఎప్పుడు తీసుకున్నాడో ఆయనకే తెలియదు.

"పేషెంటే బాబూ" అంది భార్య.

పై అంతస్తులో మంచం ఇచ్చారు. గోడలు ఇంకా రంగు వాసన వేస్తున్నాయి. నర్సు వచ్చి దుప్పటి తొలగించి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"తాతగారూ, ఆపరేషన్ కుడివైపు కదా? ఎడమవైపు గొరుక్కొచ్చారేంటి?"

ఆయన వంగి చూసుకున్నాడు. నిజమే. ఎడమవైపు అద్దంలా మెరుస్తోంది. అప్పుడు తట్టింది. ఇన్నేళ్ళూ రోగి పడుకుని ఉంటే ఆయన ఎదురుగా కాళ్ళవైపు నిలబడేవాడు. రోగి కుడివైపు ఆయనకు ఎడమచేతి వైపు. డాక్టరు "కుడి" అన్నప్పుడల్లా చెయ్యి ఎడమకే పోయి పోయి, ఈరోజు తన ఒంటి మీదా అలాగే పోయింది. తను ఏ వైపు నిలబడ్డాడో చూసుకోలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

నర్సు చిన్న బ్యాటరీ మిషను తీసి రెండు నిమిషాల్లో కుడివైపు కానిచ్చింది. నురగ లేదు, నీళ్ళు లేవు, మాట లేదు. ఆయన ఎదురుచూశాడు.

"అంతేనా అమ్మా?"

"అంతే తాతగారూ. పడుకోండి."

చెప్పాల్సింది ఒకటి మిగిలిపోయిందని ఆయనకు తెలుసు. అడిగి చెప్పించుకునేది కాదు అది. అడిగితే పనిచెయ్యదు.

పక్క మంచం మీద నడివయసు మనిషి. ఆ వార్డుకి నేల బండలు పరిచిన మేస్త్రీయేనట. "నేను వేసిన బండలే బాబాయ్, కాలు పెట్టాలంటే భయమేస్తోంది" అన్నాడు. నర్సు మిషను మేస్త్రీ మీదికి తిప్పింది. ఆయన పొట్ట చెక్కలా బిగుసుకుపోయింది. సగం డాక్టరు పక్కకు ఒత్తిగిలి, అలవాటైన గొంతుతో అన్నాడు:

"ఏం లేదు నాయనా. ఇది అయిపోయిందంటే సగం ఆపరేషన్ అయిపోయినట్టే."

మేస్త్రీ గట్టిగా ఊపిరి వదిలాడు. పొట్ట వదులైంది. స్టూలు మీద కూర్చున్న సగం డాక్టరు భార్య కూడా ఊపిరి వదిలింది. ఆవిడకు కొండంత ధైర్యం వచ్చింది. చెప్పినవాడికి ఏం వచ్చిందో మరి, కళ్ళు మూసుకుని పడుకున్నాడు.

పొద్దున్నే మేస్త్రీ కన్నా ముందు సగం డాక్టరుని తీసుకెళ్ళారు. ఆపరేషన్ గది తలుపు దగ్గర చక్రాల మంచం ఒక్క క్షణం ఆగింది. ఆయన ఎప్పుడూ నిలబడిపోయే చోటు అలాంటిదే. ఈసారి మంచంతోపాటు లోపలికి వెళ్ళాడు.

చాలాసేపటికి డాక్టరు బయటికొచ్చి మాస్కు తీశాడు.

"ఆపరేషన్ సగంలో ఉండగా గుండె ఆగిపోయిందమ్మా. చేయగలిగిందంతా చేశాం."

ఆవిడ డాక్టరు ముఖంలోకి చూసింది. వేళ్ళతో ఏదో కూడుకుంది.

"నిన్న సాయంత్రం ఒక సగం అయిపోయింది కదండీ. ఇవాళ ఇంకో సగం అయిందంటున్నారు. మరి లేవరేం?"

డాక్టరుకి అర్థం కాలేదు. నర్సు వైపు చూశాడు. నర్సుకి అర్థమై తల దించుకుంది.

మేస్త్రీ ఆపరేషన్ బాగా జరిగింది. నడవడం మొదలుపెట్టాక ఆ వీధికి వచ్చి, దించి ఉన్న షట్టరు ముందు కాసేపు నిలబడ్డాడు. ఆవిడ ఇచ్చిన తాళంచెవితో గడ్డం ఓనరు షట్టరు ఎత్తాడు. ఇద్దరూ గుమ్మం దాటలేదు. పక్క బీరు దుకాణం పీపాల పులిసిన వాసన అప్పటికే లోపలికి చేరింది. అద్దం ముందు బీరు మగ్గులో నురగ ఎండి తెల్లటి పెచ్చు కట్టింది, బ్రష్షు అందులో నిటారుగా నిలబడి ఉంది.