ఇషా నమాజు దాకా

హయాత్ బాషా కంప్యూటర్‌లో రెండు విమానాశ్రయాల పేర్లు కొట్టాడు. ట్రోమ్సో, లాంగ్‌యియర్‌బీన్. రెండూ ఎక్కడో ఉత్తరాన మంచులో ఉన్న ఊళ్ళు. మధ్య దూరం సుమారు తొమ్మిది వందల అరవై కిలోమీటర్లు, చిన్న జెట్‌లో గంటన్నర పైచిలుకు. దుబాయ్‌లో విమానాలు అద్దెకు కుదిర్చే ఆ ఆఫీసులో అతని పని అదే: ఎవరో వెళ్ళే దారికి దూరమూ, పట్టే సమయమూ చెప్పడం. బట్టతల, ఇస్త్రీ నలగని చొక్కా, ఏసీ చలికి మెడ చుట్టూ తువ్వాలు. నైఫ్ అనే పాత పేటలో ఆరుగురి గదిలో ఒక మంచం. అతను పక్కనుంచి వెళ్ళినా ఆఫీసులో ఎవరూ గమనించరు.

ఈవేళ అతని కళ్ళు గోడ గడియారం మీదే ఉన్నాయి. తెల్లవారకముందే రాజంపేటలో అక్క హుస్సేనమ్మ పోయింది. తల్లి లేని బాషాను చంకనేసుకుని పెంచిన అక్క. మామూలుగా మధ్యాహ్నానికే గోరీలో పెట్టి మట్టి ఇచ్చేస్తారు. మేనల్లుడు అర్షద్ పెద్దల కాళ్ళావేళ్ళా పడి రాత్రి ఇషా నమాజు దాకా ఆపించాడు. పొద్దున పది గంటల చెన్నై విమానం ఎక్కితే అందుకోవచ్చు. టికెట్టు ఉంది. పాస్‌పోర్టు మాత్రం మేనేజరు వేణుగోపాలరావు బీరువాలో ఉంది. అలా పెట్టుకోకూడదని ఇక్కడి చట్టమే చెబుతుంది. భద్రత కోసమని ఆయన చెబుతాడు. ఎవరి భద్రతో ఆయనకే తెలియాలి.

“సార్, పాస్‌పోర్టు” అన్నాడు బాషా మళ్ళీ.

“ఇస్తానయ్యా. ముందు ఆ ట్రోమ్సో కొటేషన్ పంపెయ్, పట్టుకెళ్దువు గాని.”

పంపాడు. క్లయింటుకు ట్రోమ్సో వద్దట, కిర్కెనెస్ నుంచి కావాలట. ఆకాశంలో పచ్చటి వెలుగులు అక్కడ బాగా కనిపిస్తాయని ఎవరో చెప్పారట. మళ్ళీ దూరం, మళ్ళీ సమయం. అదీ పంపాక క్లయింటు ట్రోమ్సోనే నయమన్నాడు. వేణుగోపాలరావు బీరువా తాళం జేబులో వేసుకుని, ఫోన్లో నవ్వుతూ పచార్లు చేస్తున్నాడు. బాషాకు ఒళ్ళు మండిపోయింది.

“ఆ వెలుగులు రేపు గూడా వస్తాయి సార్. మా అక్కను రేపు సూడలేను.”

“అంత అర్జెంటని గట్టిగా చెప్పొద్దూ?” అన్నాడు వేణుగోపాలరావు, ఫోను చెవికి ఆనించుకునే.

అప్పటికే పది దాటింది, చెన్నై విమానం వెళ్ళిపోయింది. భోజనాల తర్వాత పాస్‌పోర్టు బల్లమీద పడింది.

“సాయంత్రం ఫ్లైట్ చూసుకో బాషా. ఎల్లుండికి వచ్చెయ్, పని ఆగిపోతుంది.”

బాషా సగం కొట్టిన కొటేషన్‌ను అలాగే వదిలేసి లేచాడు.

“ఖలాస్ సార్. మీ దూరాలు మీరే కొల్సుకోండి.”

విమానాశ్రయంలో సాయంత్రం విమానం కోసం కూర్చుని ఉండగా అర్షద్ ఫోన్ చేశాడు.

“మట్టి ఇచ్చేసినాం మామా. పెద్దోళ్ళు ఇంగ ఆగల్యా.”

బాషా ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

“అందరం గోరీ మీద మూడేసి పిడికిళ్ళ మట్టి ఏసినాం. నీ మూడూ ఎవర్నీ ఎయ్యనీల్యా.”

తర్వాత ఒక ఫొటో వచ్చింది. టార్చి వెలుగులో కొత్త సమాధి, తలవైపు ఒక స్టీలు గిన్నె, దాని నిండా తడి ఆరని ఎర్రమట్టి.